ఆసుపత్రి వార్డులందు ఛాయాగ్రహణము: తొలి దశ

1839లో డాగెర్ ప్రక్రియ లోకమునకు వెల్లడియైన పిమ్మట పదియేండ్లు నిండకముందే ఛాయాగ్రహణము వైద్యశాలను ప్రవేశించెను. 1846 అక్టోబరు 16న బోస్టను నగరమందు ఈథరు మత్తునిచ్చి జరిపిన ప్రసిద్ధ శస్త్రచికిత్సను ఆనాఁడెవ్వరును చిత్రింపకపోయినను, ఆ దృశ్యమును తరువాత మరల అభినయింపఁజేసి సౌత్‌వర్త్, హాస్ అనువారు వెండిపూత గల రాగిరేకుపై నిలిపిరి.

రోగులను క్రమపద్ధతిని చిత్రించినవారిలో అగ్రగణ్యుఁడు హ్యూ వెల్ష్ డైమండ్. ఇంగ్లండునందలి సర్రే కౌంటీ ఉన్మాద చికిత్సాలయమున స్త్రీల విభాగమునకు అధికారియైన ఈ వైద్యుఁడు, 1851లో ఆర్చరు ప్రకటించిన కొలోడియన్ తడిపలక విధానమును చేపట్టి, తన పోషణలోని స్త్రీల రూపములను గ్రహించి, అవి రోగలక్షణ పరిశీలనకును, మరల చేరిన రోగిని గుర్తించుటకును, రోగికే తన రూపమును జూపి స్వస్థత కలిగించుటకును తోడ్పడునని 1856లో రాయల్ సొసైటీ యెదుట వివరించెను. మూడవ ప్రయోజనము కరుణార్ద్రమైనదే. కాని ఆ స్త్రీలలో పలువురి పేర్లు మనకు దక్కలేదు.

వార్డును చిత్రించుట అంతకంటె కష్టము. తడి యాఱకమునుపే కొలోడియన్ పలకకు వెలుతురు చూపి, చీఁకటిగదిలో కడుగవలెను. మసకవెలుతురునందు రోగులును పరిచారికలును అనేక క్షణములు కదలక నిలువవలెను. సేవ యనునది చలనము. ఆనాఁటి పలకకు చలనము గిట్టదు. కావుననే ఔషధము త్రాగించు చేయి, రోగిని లేవనెత్తు భుజము ఆ చిత్రములలో అరుదు.

అమెరికా అంతర్యుద్ధకాలపు ఆసుపత్రులందు ఈ చిక్కు కొంత సడలెను. గాలి యాడుటకై ఇరుప్రక్కల కిటికీలతో పొడవుగాఁ గట్టిన వార్డులు ఛాయాగ్రాహకునికిని వెలుతురు నొసంగెను. 1865లో వాషింగ్టనునందలి ఆర్మరీ స్క్వేర్ ఆసుపత్రి 'కె' వార్డు చిత్రము ఇందుకు నిదర్శనము. ఆ నగరముననే హేర్‌వుడ్ ఆసుపత్రి శస్త్రవైద్యుఁడు రీడ్ బాంటెకూ గాయపడిన సైనికులను, వారి పేర్లు వ్రాసిన పలకలతో సహా చిత్రించి, కొన్ని ప్రతులపై తూటా నడచిన దారిని ఎఱ్ఱగీఁతతో గుర్తించెను. చిత్రము బోధనోపకరణమైనను అందు మనిషి పేరు మాసిపోలేదు. అది చిన్న విషయము కాదు.

1871లో వైద్యుఁడే యైన మాడాక్స్ జెలటిన్ పొడిపలకను సూచించెను. 1887లో జర్మనీయందు మెగ్నీషియం మెఱుపుపొడి వెలువడెను. ఈ రెంటితో వార్డు లోపలి చిత్రణము సుకరమయ్యెను. అయితే మెఱుపుపొడికి మునుపే, 1876-80 నడుమ పారిస్ సాల్‌పేట్రియేర్ ఆసుపత్రినుండి వెలువడిన ఛాయాచిత్ర సంపుటములు హిస్టీరియా రోగిణుల భంగిమలను ప్రదర్శనవస్తువులుగాఁ జేసినవని తలంచుట అన్యాయము కాదు.

1896-97 నాఁటి ప్లేగు విపత్తున బొంబాయి ఆసుపత్రులందు తీసిన చిత్రములలో మన దేశపు రోగులును వారి శుశ్రూషకులును కన్పట్టుచున్నారు. భారత వైద్యచరిత్రను వ్రాయువారు వీనిని తప్పక పరిశీలింపవలెను.