వేట పరిమితులతో చేపల నిల్వల పునరుద్ధరణ: న్యూఫౌండ్‌లాండ్ కాడ్ అనుభవం

సముద్రంలో తరిగిపోయిన చేపల నిల్వలను తిరిగి పెంచడానికి, ఒక్కొక్క జాతి చేపను ఏటా ఎన్ని టన్నుల మేరకు పట్టవచ్చునో ముందుగా నిర్ణయించి, అంతవరకే వేటను అనుమతించే విధానాన్ని అనేక దేశాలు అనుసరిస్తున్నాయి. ఈ విధానపు మేలును, దాని పరిమితులను కూడా తెలియజేసే ఉదాహరణ కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపలది. వేట పరిమితి అమలులో ఉండగానే అక్కడి నిల్వలు అడుగంటాయి. 1992లో రెండేళ్లకని విధించిన నిషేధం 32 ఏళ్లపాటు కొనసాగింది. మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్‌లో సముద్ర వేట నిషేధం మొదలైనపుడు ఈ అంశాలు చర్చకు వస్తున్నందున, పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఆ అనుభవంలోని ముఖ్యాంశాలను ఇక్కడ పొందుపరచడమైనది.

నేపథ్యం

న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ వేట దాదాపు 500 సంవత్సరాలు నిరాటంకంగా సాగింది. చేపలను పట్టిన ఓడలోనే శుద్ధిచేసి, గడ్డకట్టించి నిల్వచేయగల భారీ విదేశీ ట్రాలర్లు 1950 దశకం నుంచి అక్కడికి రావడంతో పరిస్థితి మారింది. 1968లో పట్టుబడి సుమారు 8 లక్షల 10 వేల టన్నులకు చేరింది. పదేళ్లలో అది లక్షా 40 వేల టన్నుల స్థాయికి పడిపోయింది. 1973లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా తొలిసారి వేట పరిమితి విధించినప్పటికీ, అది ఆ ఏటి వాస్తవ పట్టుబడికంటే ఎక్కువగా ఉన్నందున వేటను ఏ మాత్రం తగ్గించలేకపోయింది. 1977 జనవరి 1 నుంచి కెనడా తన మత్స్య పరిధిని 200 నాటికల్ మైళ్లకు విస్తరించి, విదేశీ నౌకలను చాలావరకు నియంత్రించింది. ఆ స్థానాన్ని క్రమంగా స్వదేశీ ట్రాలర్లు ఆక్రమించాయి.

లెక్కలో లోపం

ఉన్న నిల్వలో ఏటా సుమారు ఐదో వంతు మాత్రమే పట్టాలన్నది కెనడా పెట్టుకున్న లక్ష్యం. అయితే నిల్వ ఎంత ఉన్నదో సరిగా తెలిసినపుడే ఈ సూత్రం పనిచేస్తుంది. ఉదాహరణకు, 5 లక్షల టన్నుల నిల్వను 10 లక్షల టన్నులుగా అంచనా వేసి 2 లక్షల టన్నులకు అనుమతిస్తే, ఐదో వంతు అనుకున్నది వాస్తవానికి ఐదింట రెండు వంతులవుతుంది. మరుసటి ఏడు నిల్వ మరింత తగ్గుతుంది గనుక అదే పరిమితి ఇంకా భారమవుతుంది.

అంచనాలకు రెండు ఆధారాలు ఉండేవి. మొదటిది పరిశోధన నౌకల సర్వే, రెండవది ట్రాలర్లకు గంటకు లభించే పట్టుబడి. సోనార్ సహాయంతో చేపలు గుమిగూడిన చోటునే వెదకి వల వేసే ట్రాలర్లకు, సముద్రంలో చేపలు తగ్గిపోతున్నా పట్టుబడి తగ్గదు. అందువలన ఆ అంకెలు నిల్వలు బాగున్నట్లే చూపాయి. ఒడ్డుకు చేరువలో వేటాడే చిన్న పడవల మత్స్యకారులు మాత్రం చేపల సంఖ్య, పరిమాణం రెండూ తగ్గుతున్నాయని 1980 దశకం మధ్య నుంచే చెబుతూ వచ్చారు. వారి మాటకు అంచనాలలో తగిన స్థానం లభించలేదు. 1990లో లెస్లీ హ్యారిస్ అధ్యక్షతన పనిచేసిన స్వతంత్ర సమీక్షా సంఘం, వేట ఒత్తిడి లక్ష్యానికి రెట్టింపునకు పైగా ఉన్నదని తేల్చింది.

ఆలస్యమైన కోతలు

1984 నుంచి 1988 వరకు పరిమితి సుమారు 2 లక్షల 66 వేల టన్నుల స్థాయిలో ఉన్నది. 1989కి దానిని లక్షా 25 వేల టన్నులకు తగ్గించాలని శాస్త్రజ్ఞులు సూచించగా, ఉపాధిపై పడే ప్రభావం దృష్ట్యా ప్రభుత్వం 2 లక్షల 35 వేల టన్నులకు అనుమతించింది. తర్వాతి రెండేళ్లలో అది సుమారు లక్షా 99 వేలు, లక్షా 90 వేల టన్నులుగా నిర్ణయమైంది. 1992 ఫిబ్రవరిలో లక్షా 20 వేల టన్నులకు కుదించేనాటికి పరిస్థితి చేయిదాటింది. ఆ సంవత్సరం జులై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ వేటను పూర్తిగా నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. సుమారు 30 వేల మంది మత్స్యకారులు, చేపల శుద్ధి కర్మాగారాల కార్మికులు ఉపాధి కోల్పోయారు.

నిషేధకాలంలో వారికి వారానికి 225 నుంచి 406 కెనడా డాలర్ల వరకు భృతి చెల్లించారు. 1994లో 190 కోట్ల డాలర్లతో మరొక సహాయ పథకాన్ని ప్రారంభించి, ఇతర వృత్తులలో శిక్షణ, వేట లైసెన్సుల తిరిగి కొనుగోలు వంటి చర్యలు చేపట్టారు. అయినప్పటికీ వలసలు ఆగలేదు. 1991లో 5 లక్షల 68 వేలుగా ఉన్న ఆ రాష్ట్ర జనాభా 2001 జనగణన నాటికి 5 లక్షల 13 వేలకు తగ్గింది.

నెమ్మదిగా సాగిన పునరుద్ధరణ

వేట ఆగిన వెంటనే చేపలు తిరిగి పెరుగుతాయన్న ఆశ నెరవేరలేదు. ఈ కాడ్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. దాని ప్రధాన ఆహారమైన కేపెలిన్ అనే చిన్న చేప కూడా 1990 దశకం ఆరంభంలో బాగా తగ్గిపోయింది. తీరప్రాంతంలో 1990 దశకం చివర పరిమితంగా వేటను తిరిగి అనుమతించగా నిల్వలు మళ్లీ క్షీణించడంతో 2003లో దానిని మూసివేయవలసి వచ్చింది. 2006 నుంచి చిన్న పడవలకు కొద్దిపాటి వేటను మాత్రమే అనుమతించారు.

2024 జూన్‌లో ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసి, పరిమితిని 18 వేల టన్నులుగా నిర్ణయించింది. అప్పటికి నిల్వలు ప్రమాద స్థాయిని దాటినా, ఆరోగ్యకర స్థాయికి చేరలేదు. కొందరు శాస్త్రజ్ఞులు, పర్యావరణ సంస్థలు ఈ నిర్ణయాన్ని తొందరపాటుగా విమర్శించారు. భారీ ట్రాలర్లకు మళ్లీ వాటా ఇవ్వడాన్ని తీర మత్స్యకారుల సంఘం వ్యతిరేకించింది. 2025లో పరిమితిని 38 వేల టన్నులకు పెంచారు. 1980 దశకపు పరిమితితో పోల్చితే ఇది ఏడో వంతు మాత్రమే.

మన తీరానికి సంబంధించి

ఆంధ్రప్రదేశ్ తీరంలో జాతులవారీగా టన్నుల పరిమితి అమలులో లేదు. ఇక్కడ ఒకే వలలో వంజరం, చందువ, కానాగడత, రొయ్య మొదలైన అనేక జాతులు కలిసి పడతాయి. పట్టుబడి తీరం పొడవునా ఎన్నో చోట్ల ఒడ్డుకు చేరుతుంది. ఒక్కొక్క జాతికి వేరుగా లెక్క కట్టి, ఆ మేరకు వేటను ఆపడం ఇటువంటి చోట కష్టసాధ్యం. అందువలన చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేటను ఆపే పద్ధతిని అనుసరిస్తున్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే ఈ నిషేధాన్ని 2015లో 47 రోజుల నుంచి 61 రోజులకు పెంచారు. మరపడవలకు, మోటారు పడవలకు ఇది వర్తిస్తుంది. నిషేధకాలపు భృతిని 2019లో రూ. 10 వేలకు, 2025లో రూ. 20 వేలకు పెంచారు.

కాలనిషేధం తల్లి చేపలకు, పిల్లలకు రక్షణ కల్పిస్తుంది. అయితే మిగిలిన 304 రోజులలో ఎంత పట్టాలన్నది అది నిర్ణయించదు. పడవల సంఖ్య, ఇంజన్ల సామర్థ్యం, వల కన్ను పరిమాణం, ఒడ్డుకు చేరిన చేపల నమోదు అనే అంశాలకు ఇందువలననే ప్రాధాన్యం ఏర్పడుతున్నది. ఒడ్డున నమోదయ్యే అంకెలు ఎంత నమ్మదగినవో, సంప్రదాయ మత్స్యకారులు గమనించిన మార్పులు ఆ అంకెలతో సరిపోలుతున్నవో లేదో ఏటా పరిశీలించడం అవసరం. న్యూఫౌండ్‌లాండ్‌లో 1989లో సూచించిన కోతను అమలు చేసి ఉంటే ఆ ఏడాది కొన్ని వేల కుటుంబాల ఆదాయం తగ్గి ఉండేది. దానిని వాయిదా వేసిన ఫలితంగా మూడేళ్లకే 30 వేల మందికి పని లేకుండా పోయింది.