శివారు పాఠకుడు: దిగువ కృష్ణా డెల్టా రచనలను నీటివైపు నుంచి చదవడం

బెజవాడ బ్యారేజీ దగ్గర కాలవలకు నీళ్లు వదిలారని పేపర్లో చదివి కోడూరు రైతు నారు పోయడు. నీళ్లు తన బోదెలోకి వచ్చాకే పోస్తాడు. కె.ఇ.బి. (కృష్ణా తూర్పు గట్టు) కాలవ చివర, బందరు కాలవ చివర ఉన్న పొలాలను శివారు భూములంటాం. వదిలిన నీళ్లెన్నో తలకాలవ దగ్గర తెలుస్తుంది, అందినవెన్నో శివారులోనే తెలుస్తుంది. సాహిత్యానికీ ఇలాంటి శివారు పాఠకుడు ఉంటాడు. తన నేల మీద పుట్టిన రచనను అతను చదివినప్పుడు విమర్శకు కొత్త సాక్ష్యం దొరుకుతుంది. ఈ వ్యాసం ప్రతిపాదన అదే.

ముందు బందరు సంగతి. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడే పుట్టింది. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఈ ఊళ్లో పాఠం చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన దగ్గర చదువుకుని, తర్వాత తానూ ఇక్కడే పాఠం చెప్పారు. అడివి బాపిరాజు జాతీయ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఇంతమంది తిరిగిన ఊరు వాళ్ల పుటల్లో ఎంత కనిపిస్తుందని వెతికితే మాత్రం నాకు నిరాశే మిగిలింది. జాతి, ధర్మం, చరిత్ర వాళ్ల చూపును దూరానికి లాక్కుపోయాయి. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖం ఊరి నోళ్లలో నిలిచినంతగా పుస్తకాల్లో నిలవలేదు. గుడివాడ పక్కన అంగలూరులో పుట్టిన గోపీచంద్ కూడా ‘అసమర్థుని జీవయాత్ర’లో తవ్వింది మనిషి మనసునే.

ఈ నేలను కవిత్వంలోకి బలంగా తోసింది 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన. చనిపోయినవాళ్ల అధికారిక లెక్క 10,000 దగ్గర ఆగింది. దివిసీమ ఆ లెక్కను ఎన్నడూ ఒప్పుకోలేదు. దిగంబర కవుల్లో ఒకరైన నగ్నముని రాసిన దీర్ఘకవిత ‘కొయ్యగుర్రం’ ఆ విషాదం నుంచే వచ్చింది. కదలని రాజ్యవ్యవస్థకు కొయ్యగుర్రం ప్రతీక అని విమర్శకులు చెబుతూ వచ్చారు. అది సరైన మాటే, కానీ తలకాలవ దగ్గరి మాట. నాగాయలంక వైపు ఏ ఇంట్లోనైనా ఈ కవిత పైకి చదివితే ప్రతీక సంగతి ముందుగా తట్టదు. గట్టెక్కి కూచుని సాయం కోసం ఎదురుచూసిన రోజులు తడతాయి. అలలు వెనక్కి పోయాయి గానీ ఉప్పు పోలేదు. పొలం చౌడుబారింది, బావినీళ్లు నోట పెట్టలేనివయ్యాయి. అక్కడ పిల్లల వయసులు కూడా ఉప్పెనతోనే లెక్క చెబుతారు: “పెద్దాడు ఉప్పెన ఏడాది పుట్టాడు, చిన్నది ఆ తర్వాత రెండేళ్లకి.” ఇలా చదివితే ‘కొయ్యగుర్రం’ ఆగ్రహ కావ్యమే కాదు, నిరీక్షణ కావ్యం కూడా అవుతుంది. కదలని గుర్రం ఎలా ఉంటుందో దానికోసం ఎదురుచూసినవాడికే బాగా తెలుసు. 2021లో ‘ఉప్పెన’ పేరుతో సినిమా వచ్చాక, ఆ మాట అనగానే క్లాసులో పిల్లలకు పాటలు గుర్తొస్తున్నాయి. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టి, ఇంటికెళ్లి తాతమ్మనో నాయనమ్మనో అడిగి రమ్మనాలి.

గుడివాడ దాటి ఉత్తరంగా పోతే నీటి కథ మారుతుంది. అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ పేరులోనే వ్యాకరణం ఒక రహస్యం చెబుతుంది. ఏరు ఏటిగా మారినట్టే కొల్లేరు కొల్లేటిగా మారుతుంది. సరస్సు పేరులో పారే ఏరు దాగి ఉందన్నమాట. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే చోటు అది. ఇక జాడ అన్న మాట చూడండి: నేల మీదైతే అడుగు జాడ నిలుస్తుంది, నీటి మీద నిలవదు. నిలవనిదాని జాడను జ్ఞాపకంలో పట్టుకోవడమే ఈ నవల పని. వసంత కన్నబిరాన్ ఇంగ్లీషులోకి తెచ్చాక బయటి పాఠకులు దీన్ని పర్యావరణ నవలగా చదివారు.

శివారు పాఠకుడికి అంత తేలిగ్గా కుదరదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. గట్టు తెగిన ప్రతి చెరువు మీదా బతికే ఇళ్లున్నాయి. నవల సరస్సు కోసం దుఃఖిస్తుంది. ఆ దుఃఖం న్యాయమైనదని నా గట్టి నమ్మకం. కానీ చేపల మేత అమ్మే ఇంట్లో పెరిగి, ఆ డబ్బుతోనే ఫీజు కట్టిన విద్యార్థిని నా క్లాసులో కూచుని అదే పుట చదువుతుంది. ఆమెను పక్కనబెట్టి ఈ నవల మీద రాసే విమర్శ అరకొరే. ఆమె ఎక్కడ ఆగుతుందో, ఏ వాక్యం దగ్గర తల అడ్డంగా ఊపుతుందో గమనించడం నా దృష్టిలో పరిశోధనే.

కిందటేడు ముదినేపల్లి వైపు నుంచి వచ్చే ఒకమ్మాయికి ఈ నవల నా ప్రతిని ఇచ్చాను. నెల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. వ్యాఖ్యానాలేమీ రాయలేదు, ఒక్క పుట అంచున మాత్రం పెన్సిలుతో సన్నగా ఒక మాట ఉంది. తమ చెరువు తవ్వకముందు ఆ నేలను ఊళ్లో ఏమనేవాళ్లో ఇంట్లో అడిగి రాసుకొచ్చింది: “గేదెల బీడు.”