రాత్రి విమానంలో ఆహారం: ఏది తినాలి, ఎప్పుడు తినాలి, ఏది మానాలి

భారత్ నుంచి గల్ఫ్, ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలకు వెళ్లే విమానాల్లో అనేకం అర్ధరాత్రి తర్వాత బయలుదేరుతాయి. ఇంట్లో భోజనం ముగించుకుని, విమానాశ్రయంలో మూడు గంటలు నిరీక్షించి, ఎట్టకేలకు సీట్లో కూర్చున్న ప్రయాణికుడి ముందుకు తెల్లవారుజామున మూడు నాలుగు గంటల వేళ పూర్తి భోజనంతో కూడిన ట్రే వస్తుంది. టికెట్ ధరలో భాగమే కదా అన్న భావనతో చాలామంది దానిని కాదనరు. అయితే నేలపై ఇబ్బంది కలిగించని ఆహారపానీయాలు గగనతలంలో, అందులోనూ నిద్రవేళలో, శరీరంపై వేరే విధంగా పనిచేస్తాయి. మధుమేహం, గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్నవారికి ఈ తేడా కేవలం అసౌకర్యంతో ఆగకపోవచ్చు.

వడ్డించే వేళ, ఆకలి వేళ

దూరప్రయాణ విమానాల్లో సాధారణంగా రెండుసార్లు ఆహారం అందిస్తారు. మొదటిది విమానం బయలుదేరిన గంట, రెండు గంటల్లో. రెండవది దిగడానికి సుమారు రెండు గంటల ముందు. ఈ సమయాలు విమానం షెడ్యూలును, సిబ్బంది పని విధానాన్ని బట్టి నిర్ణయమవుతాయి. ప్రయాణికుల ఆకలితో వాటికి సంబంధం ఉండదు. మనిషి శరీరంలోని జీవ గడియారం ప్రకారం రాత్రి వేళ జీర్ణక్రియ మందగిస్తుంది. అదే ఆహారం పగటితో పోలిస్తే రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచుతుంది.

ఉదాహరణకు, రాత్రి 2.30 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి సుమారు నాలుగున్నర గంటల్లో దోహా చేరే ప్రయాణికుడిని తీసుకుందాం. అతను దిగేసరికి భారత్‌లో ఉదయం 7 గంటలు, అక్కడ తెల్లవారుజామున 4.30 గంటలు. భోజనం, టీ, ట్రేల సేకరణ ముగిసేసరికి అతనికి మిగిలే నిద్ర రెండు గంటలకు మించదు. అదే రోజు పనిలో చేరవలసిన వారికి ఇది చిన్న విషయం కాదు. ఇటువంటి స్వల్పదూర రాత్రి ప్రయాణాల్లో బయలుదేరే ముందే తేలికగా తిని, విమానంలో భోజనం మాని నిద్రపోవడమే మేలు. భోజనానికి లేపవద్దని సిబ్బందికి ముందే చెప్పవచ్చు.

పది, పదిహేను గంటల ప్రయాణాల్లో విమానం ఎక్కగానే చేతి గడియారాన్ని గమ్యస్థానపు సమయానికి మార్చుకుని, అక్కడి భోజన వేళలను అనుసరించడం మంచిది. కాలమానంలో ఒక్కో గంట తేడాకు శరీరం సర్దుకోవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. వెలుతురుతో పాటు భోజన సమయం కూడా ఈ సర్దుబాటుకు తోడ్పడుతుంది.

రుచి ఎందుకు తగ్గుతుంది

విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగిరినా, క్యాబిన్‌లోని వాయుపీడనం గరిష్ఠంగా 8,000 అడుగుల (2,438 మీటర్ల) ఎత్తున ఉండే స్థాయిని దాటి తగ్గకుండా చూస్తారు. ఇది ఊటీ కంటే కొంచెం ఎక్కువ ఎత్తు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి కొత్త విమానాల్లో ఇది 6,000 అడుగుల స్థాయిలో ఉంటుంది. క్యాబిన్ గాలిలో తేమ తరచు 20 శాతం కంటే తక్కువే. పొడిగాలికి ముక్కు లోపలి పొర ఆరిపోయి వాసన తెలిసే శక్తి తగ్గుతుంది. రుచిలో అధికభాగం వాసన మీదే ఆధారపడి ఉంటుంది కనుక కూర చప్పగా తోస్తుంది.

జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం జరిపిన పరీక్షల్లో తక్కువ పీడనం వద్ద ఉప్పు, తీపి రుచులు మందగిస్తాయని, పులుపు, చేదు పెద్దగా మారవని తేలింది. ఇంజిన్ల హోరు కూడా ఇందుకు కారణమే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో తీపి తగ్గి, టమాటా, పుట్టగొడుగుల్లో ఉండే ఉమామీ రుచి పెరుగుతుంది. నేలపై టమాటా రసం ముట్టనివారు కూడా విమానంలో దానిని ఇష్టంగా తాగడానికి ఇదొక వివరణ. చింతపండు, టమాటా, మసాలాలతో చేసే భారతీయ వంటకాలు గాల్లోనూ రుచిని కొంతవరకు నిలుపుకోవడం ఈ ఫలితాలకు అనుగుణంగానే ఉంది.

పీడనం తగ్గడం వల్ల పొట్టలోని వాయువు పరిమాణం సుమారు 30 శాతం పెరుగుతుంది. శనగలు, రాజ్మా, క్యాబేజీ, వేపుళ్లు, గ్యాస్ నింపిన శీతల పానీయాలు కడుపు ఉబ్బరాన్ని ఎక్కువ చేస్తాయి. గంటల తరబడి కదలకుండా కూర్చునే రాత్రి ప్రయాణంలో ఈ ఇబ్బంది మరింతగా తెలుస్తుంది.

మద్యం తాగి నిద్రపోతే

నిద్ర పట్టడానికి ఒకటి రెండు పెగ్గులు తీసుకోవడం చాలామందికి అలవాటు. కొలోన్‌లోని జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ పరిశోధకులు 2024లో ‘థొరాక్స్’ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ అలవాటుపై హెచ్చరిక చేసింది. 18 నుంచి 40 ఏళ్ల వయసున్న 48 మంది ఆరోగ్యవంతులు ఇందులో పాల్గొన్నారు. సగం మంది సాధారణ నిద్ర ప్రయోగశాలలో, మిగిలినవారు విమాన క్యాబిన్ పీడనాన్ని పోలిన గదిలో నాలుగు గంటల పాటు నిద్రించారు. ఒక రాత్రి మద్యం లేకుండా, మరో రాత్రి రెండు డబ్బాల బీరుకు సమానమైన మద్యం తీసుకుని పడుకున్నారు.

తక్కువ పీడనంలో మద్యం తాగి నిద్రించినవారి రక్తంలో ఆక్సిజన్ స్థాయి సుమారు 85 శాతానికి పడిపోయింది. గుండె నిమిషానికి దాదాపు 88 సార్లు కొట్టుకుంది. అదే పీడనంలో మద్యం లేకుండా పడుకున్నప్పుడు ఇవి వరుసగా 88 శాతం, 73గా ఉన్నాయి. సాధారణ పీడనంలో మద్యం తీసుకున్నప్పుడు 95 శాతం, 77గా నమోదయ్యాయి. పరిశీలించిన వారి సంఖ్య తక్కువ, అందరూ యువకులే, అందరూ పడుకునే నిద్రపోయారు. అందువల్ల ఈ అంకెలను ప్రతి ప్రయాణికుడికీ యథాతథంగా వర్తింపజేయలేం. అయితే యువకుల్లోనే ఇంత మార్పు వచ్చినప్పుడు గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవారికి ముప్పు మరింత అధికమని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. మద్యంతో పాటు నిద్రమాత్రలు వేసుకోవడం ఇంకా ప్రమాదకరం.

భారత్‌లో దేశీయ విమానాల్లో మద్యం సరఫరా చేయరు. అంతర్జాతీయ విమానాల్లో ఇచ్చినా, మితిమీరుతున్న ప్రయాణికుడికి నిరాకరించే అధికారం సిబ్బందికి ఉంటుంది. సొంతంగా తెచ్చుకున్న సీసా విప్పి తాగడానికి విమానయాన సంస్థలు అనుమతించవు. అనుచితంగా ప్రవర్తించిన వారిపై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం తీవ్రతను బట్టి మూడు నెలలు, ఆరు నెలలు, రెండేళ్లు లేదా అంతకు మించి ప్రయాణ నిషేధం విధించవచ్చు.

నీరు, టీ, కాఫీ

పొడిగాలి ప్రభావం ప్రధానంగా కళ్లు, ముక్కు, గొంతుపై కనిపిస్తుంది. ఒకేసారి ఎక్కువగా తాగేకంటే మధ్యమధ్య కొద్దికొద్దిగా నీరు తాగడం సుఖం. దీనివల్ల లేచి నడవవలసిన అవసరం కూడా కలుగుతుంది, అది మేలే. నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణాల్లో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఈ ముప్పు దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి ఉంటుంది.

కాఫీలోని కెఫీన్‌లో సగం శరీరం నుంచి తొలగడానికే అయిదారు గంటలు పడుతుంది. అందువల్ల నిద్రపోదలచినవారు మొదటి భోజనంతో కాఫీ, టీ మాని, దిగే ముందు తీసుకోవడం ఉచితం. 8,000 అడుగుల స్థాయి పీడనంలో నీరు సుమారు 92 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. విమానంలో టీ సరిగా దిగకపోవడానికి ఇదీ ఒక కారణం.

కోడ్ తెలియకపోతే పొరపాటు

ప్రత్యేక భోజనాన్ని సాధారణంగా ప్రయాణానికి కనీసం 24 గంటల ముందు నమోదు చేసుకోవాలి. కొన్ని సంస్థలు, కొన్ని రకాల భోజనాలకు ఇంకా ఎక్కువ వ్యవధి కోరతాయి. వీటికి అంతర్జాతీయంగా నాలుగు అక్షరాల కోడ్‌లున్నాయి. ‘ఏవీఎంఎల్’ అంటే మాంసం, చేప, గుడ్డు లేని భారతీయ తరహా శాకాహారం. ‘వీజేఎంఎల్’ ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని జైన భోజనం. ‘వీజీఎంఎల్’లో పాల పదార్థాలు కూడా ఉండవు. ‘ఎంఓఎంఎల్’ ముస్లిం భోజనం, ‘ఎల్ఎస్ఎంఎల్’ ఉప్పు తగ్గించినది, ‘డీబీఎంఎల్’ మధుమేహులకు ఉద్దేశించినది. ‘హెచ్ఎన్ఎంఎల్’ అనే హిందూ భోజనం పేరు చూసి శాకాహారమని భ్రమపడేవారున్నారు. ఇందులో గోమాంసం ఉండదు గానీ కోడి, మేక మాంసం, చేప ఉండవచ్చు. శాకాహారులు ‘ఏవీఎంఎల్’నే ఎంచుకోవాలి.

మధుమేహులకు జాగ్రత్తలు

ఐసీఎంఆర్ తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. పడమటి దిశగా ప్రయాణిస్తే రోజు పొడవవుతుంది. తూర్పుకు వెళితే కురచవుతుంది. ఇన్సులిన్ మోతాదు, వేళలు తదనుగుణంగా మారవచ్చు కనుక ప్రయాణానికి ముందే వైద్యుడితో మాట్లాడి రాయించుకోవాలి. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్‌ను ట్రే ఎదుటికి వచ్చాకే వేసుకోవాలి. కుదుపుల వల్ల వడ్డన మధ్యలో ఆగిపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కింది అరలో గడ్డకట్టే అవకాశం ఉన్నందున ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. బిస్కెట్లు, గ్లూకోజ్ దగ్గర పెట్టుకోవాలి. భోజనం మాని నిద్రపోవాలన్న సలహా వీరికి వైద్యుడి అనుమతి ఉంటేనే వర్తిస్తుంది.

వంట నేలపైన, వేడి గాల్లో

విమాన భోజనాన్ని నేలపై వండి, వేగంగా చల్లార్చి, చల్లగానే విమానంలోకి ఎక్కిస్తారు. లోపల ఓవెన్లలో వేడి మాత్రమే చేస్తారు. దోసె, పూరీ వంటివి ఈ పద్ధతికి నిలవవు; ఇడ్లీ, ఉప్మా, పులావు, గ్రేవీ కూరలు నిలుస్తాయి. చల్లార్చడంలో లోపం జరిగితే ఏమవుతుందో 1975 ఫిబ్రవరిలో జపాన్ విమాన ఘటన చూపింది. టోక్యో నుంచి యాంకరేజ్ మీదుగా ఐరోపాకు వెళ్తున్న ఆ విమానంలో అల్పాహారం తిన్న 197 మంది అస్వస్థులయ్యారు. వంటవాడి వేలిపై పుండు నుంచి సూక్ష్మజీవులు ఆహారంలోకి చేరడం, దానిని తగినంత చల్లగా ఉంచకపోవడం ఇందుకు కారణాలు. యాంకరేజ్‌లో విధుల్లో చేరిన పైలట్లకు అది అల్పాహార వేళ కాకపోవడంతో వారు వేరే ఆహారం తిని సురక్షితంగా ఉన్నారు. పైలట్లిద్దరూ వేర్వేరు భోజనాలు తీసుకునే ఆచారాన్ని నేడు అనేక సంస్థలు పాటిస్తున్నాయి.

ఇంటి నుంచి తెచ్చుకునే పులిహోర, చపాతీ వంటి పొడి పదార్థాలకు భద్రతా తనిఖీలో సాధారణంగా అభ్యంతరం ఉండదు. పెరుగు, సాంబారు, నెయ్యి వంటివి అంతర్జాతీయ ప్రయాణాల్లో ద్రవపదార్థాల కిందికి వస్తాయి కనుక 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తిస్తుంది. శిశువుల పాలకు, ఔషధాలకు మినహాయింపు ఉంది. మిగిలిన పండ్లు, మాంసం, పాల పదార్థాలను దిగే దేశపు కస్టమ్స్ అధికారులకు తెలియజేయాలి. లేకపోతే జరిమానా పడవచ్చు.

ఆలస్యమైతే హక్కులు

విమానం ఆలస్యమైనప్పుడు, సమయానికి చెకిన్ చేసిన ప్రయాణికులకు సంస్థే ఆహారపానీయాలు ఇవ్వాలని డీజీసీఏ నిబంధనలు చెబుతున్నాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటల ఆలస్యానికి, రెండున్నర నుంచి అయిదు గంటల ప్రయాణమైతే మూడు గంటలకు, అంతకు మించినదైతే నాలుగు గంటలకు ఈ హక్కు వర్తిస్తుంది. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ వసతి కూడా కల్పించాలి. అర్ధరాత్రి విమానాశ్రయంలో చిక్కుకుపోయిన వృద్ధులు, మధుమేహులు సిబ్బందిని ఈ మేరకు అడిగి భోజనం పొందవచ్చు.