ప్రణయ్ హత్య కేసు: మరణశిక్ష, రెండు కుటుంబాలు, ఊరి మాట

నల్గొండ జిల్లా మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న పెరుమాళ్ల ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుడు ఒక ఆసుపత్రి బయట హత్యకు గురయ్యాడు. గర్భిణి అయిన భార్యకు పరీక్షలు చేయించి, తల్లితో కలిసి బయటికి వస్తుంటే వెనకనుంచి వచ్చిన వ్యక్తి కత్తితో నరికాడు. సీసీటీవీ దృశ్యాలను రాష్ట్రమంతా చూసింది. 2025 మార్చి 10న నల్గొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక న్యాయస్థానం, నరికిన వ్యక్తికి మరణశిక్షనూ మరో ఆరుగురికి యావజ్జీవ కారాగారాన్నీ విధించింది.

రెండు కుటుంబాలదీ ఒకే ఊరు. అబ్బాయి తండ్రి ఎల్‌ఐసీ ఉద్యోగి. అమ్మాయి తండ్రి మారుతీరావు వైశ్యుడు, స్థిరాస్తి వ్యాపారంలో బాగా గడించినవాడు. ఆమె ఒక్కగానొక్క కూతురు. బడినాటి పరిచయం 2018 జనవరిలో హైదరాబాదులో ఆర్యసమాజ్ పెళ్లిగా మారింది. పెళ్లయ్యాక ఇద్దరూ మిర్యాలగూడకే వచ్చి ప్రణయ్ తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నారు. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాల్సింది పోలీసులేనని శక్తివాహిని సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాది మార్చిలోనే చెప్పింది. మారుతీరావు కోటి రూపాయల సుపారీకి ఒప్పందం కుదుర్చుకున్నాడని, బీహారు నుంచి రప్పించిన మనిషి చేత హత్య చేయించాడని పోలీసుల అభియోగం.

హత్య తర్వాత ఊరు రెండుగా చీలింది. దళిత, వామపక్ష సంఘాలు ఆందోళనకు దిగాయి. ప్రణయ్ విగ్రహం పెట్టాలన్న ప్రతిపాదన లేవగానే దాన్ని అడ్డుకునేవాళ్లూ లేచారు. ఇటు మారుతీరావుకు మద్దతుగానూ జనం కదిలారు. కన్నకడుపు కోత ఎవరికి తెలుసు, పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలి కదా అన్నది వాళ్ల వాదన. కానీ అల్లుడు తమ కులంవాడే అయివుంటే ఈ కోత ఇంతదాకా వచ్చేదా అన్న ప్రశ్నకు ఆ వాదనలో జవాబు లేదు. సామాజిక మాధ్యమాల్లో నిందంతా భర్తను పోగొట్టుకున్న అమ్మాయి మీదే కురిసింది. 2019లో ఆమెకు కొడుకు పుట్టాడు.

బెయిలుపై బయట ఉన్న మారుతీరావు 2020 మార్చిలో హైదరాబాదులోని ఆర్యవైశ్య భవన్‌లో చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అని పోలీసులు చెప్పారు. దాంతో తొలి నిందితుడైన అతనిపై తీర్పే లేకుండా పోయింది. అదే ఏడాది ఈ ఉదంతాన్ని గుర్తుకు తెచ్చే ‘మర్డర్’ సినిమాను రామ్‌గోపాల్ వర్మ ప్రకటిస్తే, అమ్మాయి కోర్టుకెక్కాల్సి వచ్చింది.

తీర్పు రోజున ప్రణయ్ తండ్రి, ఈ హత్యతో తామే కాదు అందరూ నష్టపోయారని, ఇకనైనా ఇలాంటివి ఆగాలని అన్నారు. శిక్ష పడ్డవారి కుటుంబీకులు కోర్టు దగ్గరే ఏడ్చారు. తమవాళ్లకు ఏ పాపమూ తెలియదన్నారు. విచిత్రమేమంటే, ఇన్నేళ్లూ మిర్యాలగూడ వాదులాడుకున్నది మామా అల్లుళ్ల గురించి, ఉరిశిక్ష పడింది ఊరికి ఏమీ కాని బీహారు మనిషికి.

కింది కోర్టు విధించిన మరణశిక్ష హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలవుతుంది. అక్కడ శిక్ష మారనూ వచ్చు. ఇలాంటిదే అయిన తమిళనాట ఉడుమలపేట శంకర్ హత్య కేసులో 2017లో అమ్మాయి తండ్రితో సహా ఆరుగురికి మరణశిక్ష పడింది. 2020లో మద్రాసు హైకోర్టు తండ్రిని నిర్దోషిగా వదిలి, మిగతా అయిదుగురి శిక్షను యావజ్జీవంగా మార్చింది.