సూరత్ పాత ఇళ్ల విక్రయం: అడుగు కలప లోపాన్ని దాచితే ఒప్పందానికే ముప్పు

సూరత్ పాతనగరంలో, గోపీపురా వంటి పేటలలో, నేటికీ నిలిచి ఉన్న అనేక పాత ఇళ్లలో బరువును మోసేది ఇటుక గోడ కాదు, కలప చట్రం. రాతి దిమ్మెలపై స్తంభాలు నిలుస్తాయి. గోడలలో దూలాలను పొదుగుతారు. ఇటుక వాటి మధ్య ఖాళీని నింపుతుంది. అందువల్ల అడుగున ఉన్న కలప పాడైతే ఇల్లంతా కుంగుతుంది.

కలపకు నీరే శత్రువన్న మాట సగమే నిజం. నిత్యం నీటిలో మునిగి ఉన్న కలప గాలి అందక శతాబ్దాలు నిలుస్తుంది. వెనిస్ భవనాల కింది కలప గుంజలే ఇందుకు నిదర్శనం. తడుస్తూ ఆరుతూ ఉండే నేలమట్టపు భాగంలోనే శిలీంధ్రాలు, చెదలు చేరుతాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి నీటిని విడుదల చేయడంతో తాపీ నది పొంగి సూరత్‌లో అధిక భాగం మునిగింది. అటువంటి వరద అనంతరం గోడ పైకి ఆరినట్లు కనిపించినా, లోపలి దూలపు కొసలు చాలాకాలం తేమగానే ఉంటాయి.

అమ్మకానికి ముందు అడుగు గోడకు సిమెంటు పూత వేయించడం కొందరికి అలవాటు. ఇది రెండు విధాల చేటు. సున్నపు పూతలా సిమెంటు తేమను బయటకు పోనీయదు. కలప మరింత త్వరగా కుళ్లుతుంది. ఇక చట్టం సంగతి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి, కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపాన్ని విక్రేత వెల్లడించి తీరాలి. వెల్లడించకపోవడాన్ని ఆ సెక్షనే మోసంగా పేర్కొంటోంది. తెలిసిన లోపాన్ని పూత కింద కప్పిపుచ్చడం ఒప్పందాల చట్టం, 1872లోని 17వ సెక్షన్ కిందకు కూడా రావచ్చు. 'ఉన్నది ఉన్నట్లుగా' అన్న షరతు రాసుకున్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు.

నిర్మాణ ఇంజినీరు చేత పరీక్ష చేయించుకోవడమే మేలు. స్తంభపు మొదట్లో మొనదేలిన సూదికోల సులువుగా దిగినా, సుత్తితో కొడితే బోలు శబ్దం వచ్చినా లోపలి కలప చెడిందని అనుమానించాలి. చెదల నివారణకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడవ భాగం వర్తిస్తుంది. చెడిన కొసను మాత్రమే కోసి కొత్త కలపను అతికించడం తరచూ సాధ్యమే; మొత్తం కూల్చనవసరం లేదు. నివేదికను విక్రయ ఒప్పందానికి జతచేసి, మరమ్మతు వ్యయాన్ని ధరలో తగ్గిస్తే తరువాతి వివాదానికి అవకాశం తగ్గుతుంది. మరమ్మతుకు ముందు ఇల్లు నగరపాలక సంస్థ వారసత్వ జాబితాలో ఉన్నదేమో విచారించాలి.

సూరత్‌లో స్థిరపడి అక్కడ ఇల్లు కొనదలచిన తెలుగువారు మరొకటి గమనించాలి. పాతనగరంలోని కొన్ని ప్రాంతాలు 1991 నాటి గుజరాత్ కల్లోలిత ప్రాంతాల చట్టం పరిధిలో ఉన్నాయి. అక్కడ కలెక్టరు ముందస్తు అనుమతి లేని స్థిరాస్తి విక్రయం చెల్లదు.