భీమిలి: పడవ మోసిన పట్నం

భీమిలి చరిత్ర రాయమంటే ఎవరైనా డచ్చివారి సమాధుల దగ్గరో, 1861లో ఏర్పడిన పురపాలక సంఘం దగ్గరో మొదలుపెడతారు. దేశంలోని పాత పురపాలక సంఘాల్లో మనదొకటని చెప్పుకోవడం మనకు గర్వం. ఆ గర్వం న్యాయమైనదే. అయితే ఈ ఊరికి సంపద, పేరు, పన్ను కట్టగలిగిన వర్తకులు ఎవరి రెక్కల కష్టం మీద వచ్చారో కూడా ఈ ప్రత్యేక సంచికలో చెప్పుకోవాలి. నా మట్టుకు భీమిలి చరిత్ర జాలరిపేటలోనే మొదలవుతుంది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటిది. వెనక పావురాలకొండ. దాని మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఆనవాళ్లు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1754లో మరాఠా సేనలు ఊరిని దోచుకున్నాయి. 1825లో పట్నం ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. దొరలు మారారు గాని, ఒడ్డున పని మారలేదు.

ఆ పని ఏమిటో తెలిస్తేనే ఈ ఊరు అర్థమవుతుంది. భీమిలి పేరుకు రేవే గాని, ఓడ ఆగడానికి ఇక్కడ గోదీ లేదు, అలలకు అడ్డంగా గోడ లేదు. ఓడ దూరాన లోతు నీళ్లలో లంగరు వేసేది. మధ్యలో విరుచుకుపడే కెరటాలు. ఓడ తాలూకు చిన్న పడవలు వాటిని దాటలేవు. దాటగలిగింది ఈ తీరపు పడవ ఒక్కటే. దాని చెక్కల్ని ఇనుప మేకులతో బిగించరు, కొబ్బరి తాడుతో కుడతారు. కెరటం ఎత్తి ఇసుక మీద కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవైతే పగులుతుంది. కుట్టిన పడవ కాస్త సాగి, దెబ్బ ఓర్చుకుని, మళ్లీ సర్దుకుంటుంది. ఏ బడిలోనూ చదవని చేతులు కనిపెట్టిన ఈ ఉపాయం ముందు నేను చేతులు జోడిస్తాను.

లోపలి పల్లెల నుంచి బళ్ల మీద వచ్చిన నూనెగింజలు, కరక్కాయలు, గోగునార ఆ పడవల్లోనే ఓడలకెక్కాయి. మనం గోగునార అనేదాన్ని ప్రపంచ మార్కెట్టు ‘బిమ్లిపటం జూట్’ అంది. కరక్కాయల్లో ఒక రకానికీ ‘బిమ్లీ’ అనే పేరే పడింది. మన గోగునారకు ఊరి పేరు తగిలించి దూరదేశాలు పిలుచుకున్నాయంటే, ఆ కీర్తిలో తెడ్డు వేసినవాడికి వాటా ఉంది. సమాధుల పలకల మీద డచ్చివారి పేర్లు నేటికీ చదవవచ్చు. వాళ్లను, వాళ్ల సరుకును ఒడ్డుకు చేర్చిన సరంగుల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

తరవాత రైలు వచ్చింది. 1893 నాటికి పట్టాలు భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా వాల్తేరు వెళ్లాయి. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడలకు ఇక్కడ ఆగే పని తగ్గిపోయింది. వర్తకులు మెల్లగా సర్దుకున్నారు. 2013లో పురపాలక సంఘం విశాఖ మహానగరంలో కలిసిపోయింది.

జాలరులు ఎక్కడికీ పోలేదు. తెప్పలకు తోడు ఫైబరు బోట్లు, ఇంజన్లు వచ్చాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే. ఆ రెండు నెలలు ఇల్లు గడవడం ఎంత కష్టమో జాలరిపేటలో ఏ తల్లిని అడిగినా చెబుతుంది. వేట సాగే రోజుల్లో పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి చూడండి. కవ్వళ్లో కానాగంతలో పడితే ఇసుక మీదే వేలం పాట మొదలవుతుంది. బేరంలో ఆడవాళ్లదే పైచేయి. గంపలెత్తుకుని వాళ్లు బయలుదేరాకే ఊళ్లో చాలా ఇళ్లలో పొయ్యి మీదకు కూర ఎక్కుతుంది. భీమిలి అందం గడియార స్తంభంలో, పాత బంగళాల్లో ఉందనేవారితో నాకు పేచీ లేదు. కానీ ఆ అందానికి ఊపిరి ఈ ఒడ్డే.

అందుకే ఊరి పెద్దలకు నా మనవి. సమాధులకు కంచె వేసినట్టే జాలరిపేట జ్ఞాపకాలకూ ఒక రక్షణ కల్పించండి. పడవ కుట్టే పద్ధతి, అలివి వల లాగే తీరు, గాలుల పేర్లు, చేపల పేర్లు తెలిసిన వృద్ధులు ఉండగానే వాళ్లు చెప్పింది రాయించి, ఊరి గ్రంథాలయంలో భద్రపరచండి.