సింహాసనానికి తీర్పు చెప్పిన పక్షి

ఫీనిక్స్ అనగానే మంటల్లో కాలి బూడిదలోంచి లేచే పక్షి మన మనసులో మెదులుతుంది. అది గ్రీకుల కథ. చైనావారి ఫెంగ్‌హువాంగ్‌కు చితితో పనిలేదు. రాజు ధర్మం తప్పకుండా ఏలుతుంటే అది కనబడుతుంది, తప్పితే మొహం చాటేస్తుంది.

ఆ దేశంలో పక్షికీ రాజ్యానికీ ముడి చాలా పాతది. జియాన్‌డి అనే స్త్రీ ఒక నల్లపక్షి గుడ్డు మింగి కొడుకును కన్నదనీ, షాంగ్ రాజవంశానికి అతడే మూలపురుషుడనీ పాత కథ. 1976లో అన్‌యాంగ్‌లో ఆ వంశపు రాణి ఫు హావ్ సమాధిని తవ్వినప్పుడు పొడవాటి తోకతో జేడ్ పక్షి ఒకటి దొరికింది. క్రీ.పూ. 1200 ప్రాంతపు ఆ బొమ్మను ఫెంగ్‌హువాంగ్ తొలి రూపాల్లో ఒకటిగా చెబుతారు.

పర్వతాల, సముద్రాల వింతలన్నీ పోగుచేసిన 'షాన్‌హైజింగ్' గ్రంథం ప్రకారం అది కోడిని పోలి ఉంటుంది, ఒళ్లంతా ఐదు రంగులు. తల మీద శీలం, రెక్కల మీద ధర్మం, వీపు మీద మర్యాద, రొమ్ము మీద దయ, పొట్ట మీద విశ్వాసం ఈకల్లోనే రాసి ఉంటాయి. అది కనబడితే లోకం చల్లగా ఉన్నట్టే. తన కాలంలో అది రావడం లేదని కన్ఫ్యూషియస్ వాపోయాడు.

రాకపోతే ఏలేవాడికి పరువు తక్కువ. అందుకే రావడం మొదలైంది! హాన్ చక్రవర్తి షువాన్ కాలంలో దివ్యపక్షులు దిగాయని కబుర్ల మీద కబుర్లు. ఆయన క్రీ.పూ. 61 నుంచి నాలుగేళ్లకు 'దివ్యపక్షులు' అనీ, ఆ తరవాతి నాలుగేళ్లకు 'ఐదు ఫెంగ్‌లు' అనీ పేర్లు పెట్టాడు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే హేతువాది, ఎన్నడూ చూడని పక్షిని ఫలానా అని ఎలా పోల్చుకున్నారని నిలదీశాడు.

మొదట్లో ఫెంగ్ మగది, హువాంగ్ ఆడది. డ్రాగన్ చక్రవర్తి గుర్తుగా స్థిరపడ్డాక ఈ జంట మొత్తం రాణి పక్షానికి చేరింది. బీజింగ్ శివారులోని డింగ్‌లింగ్ సమాధిలో దొరికిన మింగ్ వంశపు రాణుల కిరీటాల మీద లకుముకిపిట్ట నీలిఈకలూ ముత్యాలూ పొదిగిన ఈ పక్షులు ఉన్నాయి. 1908లో పోయిన రాజమాత త్సిషీ సమాధి దగ్గర చెక్కిన రాతిలోనైతే ఫెంగ్‌హువాంగ్ పైన, డ్రాగన్ కింద! అసలు అధికారం ఎవరిదో ఆ శిల్పం దాచలేదు. కాలిపోయి మళ్లీ పుట్టడం దీనికి చాలా ఆలస్యంగా అబ్బింది. 1920లో కవి గువో మోరువో పాత చైనా నశించి కొత్తది పుట్టాలని రాస్తూ ఆ పరాయి మంటను దీనికి అంటించాడు.

చైనా ఆకాశంలో మరికొన్ని పక్షులూ ఉన్నాయి. సూర్యుడిలో మూడుకాళ్ల కాకి ఉంటుంది. తాత్త్విక గ్రంథం 'జువాంగ్‌జి'లో ఒక మహామత్స్యం పెంగ్ పక్షిగా మారి తొంభైవేల 'లీ'ల (లీ అంటే చైనా దూరమానం) ఎత్తుకు ఎగురుతుంది. బౌద్ధంతో చైనా చేరిన మన గరుత్మంతుడు ఈ పెంగ్‌లో కలిసిపోయి 'బంగారు రెక్కల పెంగ్' అయ్యాడు. 'పశ్చిమ యాత్ర' నవలలో దాని తల్లి ఫెంగ్‌హువాంగే.

ఏ కిరీటమూ ఎక్కని మరో పక్షి జింగ్‌వెయ్. తూర్పు సముద్రంలో మునిగి చనిపోయిన రాకుమార్తె చిన్న పిట్టగా పుట్టి, పడమటి కొండల నుంచి పుల్లలూ రాళ్లూ తెచ్చి ఆ సముద్రాన్ని పూడ్చాలని చూస్తుంది. పట్టు వదలని మనిషిని చైనావారు ఇప్పటికీ ఈ పిట్టతోనే పోలుస్తారు. ఫెంగ్‌హువాంగ్ వచ్చిందని చెప్పడానికి ఆస్థానం కావాల్సి వచ్చింది. జింగ్‌వెయ్ కథకు మాత్రం ఎవరి ముద్రా అక్కర్లేకపోయింది.